పెట్రోల్ బంకు దగ్గర మొదలైన గొడవ: కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత?

తణుకు_అల్లుడు | జనవరి 18, 2026, ఉదయం 9:12

పండక్కి అత్తారింటికి వెళ్లి నిన్న రాత్రే హైదరాబాద్ వచ్చాను. బరువు రెండు కిలోలు పెరిగింది, పరువు కొంచెం తగ్గింది. ఆ రెండోదాని గురించే ఈ పోస్ట్.

బయల్దేరే ముందు కారులో పెట్రోల్ కొట్టిద్దామని బంకుకి వెళ్లాం. మీటర్ తిరుగుతుంటే మా బావమరిది మొదలెట్టాడు. "చూడు బావా, ఇందులో సగం ఢిల్లీకే. మనకి విదిలించేది ముష్టి." నేను ఊరుకోవచ్చుగా? "హైదరాబాద్‌లో ఇంతకంటే తక్కువకే దొరుకుతోంది. ఢిల్లీవాళ్లు రెండు చోట్లా ఒకటే తీసుకుంటారు కదా, మరి ఆ తేడా ఎవరి జేబులోకి?" అన్నాను. ఇంటికొచ్చేదాకా అదే రచ్చ. అరుగు మీద పేపర్ చదువుకుంటున్న మామగారు తలెత్తకుండానే "అందుకేనండీ అల్లుడుగారూ, అన్నగారు కేంద్రం మిథ్య అన్నది" అని తీర్పు ఇచ్చేశారు. అత్తగారు జంతికల డబ్బా చేతిలో పెట్టి కారెక్కమన్నారు.

అసలు ఎవరి చేతిలో ఏముంది? డబ్బు ఎవరికి ఎంత వెళ్తుంది? పార్టీల గోల వద్దు. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బుల్లోడు | 9:20

బావమరిదితో వాదించి గెలిచినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ముందు జంతికలు ఎలా ఉన్నాయో చెప్పండి.

పాత_ట్రెజరీ | 10:47

సబ్‌ట్రెజరీలో 31 ఏళ్లు బిల్లులు పాస్ చేసి రిటైరయ్యాను. లెక్క నాకు వదిలేయండి.

లీటరు పెట్రోల్ మీద కేంద్రం తీసుకునే ఎక్సైజ్ 21 రూపాయల 90 పైసలు. అందరూ దీన్ని ఒకటే పన్ను అనుకుంటారు. లోపల నాలుగున్నాయి. బేసిక్ ఎక్సైజ్ 1.40, స్పెషల్ అడిషనల్ ఎక్సైజ్ 13, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 2.50, రోడ్ల సెస్సు 5.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉందని రాజ్యాంగం 270వ అధికరణం చెబుతుంది. సెస్సులకీ సర్‌చార్జీలకీ మాత్రం అది వర్తించదు. స్పెషల్ అడిషనల్ కూడా సర్‌చార్జీ కిందికే వస్తుంది. అంటే ఈ నాలుగింటిలో పంపకానికి వచ్చేది ఆ 1.40 ఒక్కటే. ఈ పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం చొప్పున అందులో 57 పైసలు రాష్ట్రాలకు. అన్ని రాష్ట్రాలకూ కలిపి! ఆ 57 పైసల్లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే రెండు పైసల చిల్లర. తెలంగాణ వాటా 2.102 శాతం, అంటే పైసా చిల్లర.

2025 ఏప్రిల్‌లో లీటరుకి 2 రూపాయలు పెంచారు, గుర్తుందా? ఆ పెంపంతా స్పెషల్ అడిషనల్‌లోనే కలిపారు. బేసిక్ జోలికి పోలేదు. కాబట్టి మీ బావమరిది "ముష్టి" అన్నదాంట్లో నిజం ఉంది.

ఇక మీ వైపు. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రలో 31 శాతం, దానిమీద లీటరుకి 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. హైదరాబాద్‌లో లీటరు 107 చిల్లర అయితే అందులో సుమారు 28 రూపాయలు రాష్ట్ర ఖజానాకే. ఆంధ్రలో ఇంకాస్త ఎక్కువ. కేంద్రం తీసుకునేదానికంటే ఇదే పెద్దది.

ఇద్దరూ చెరి సగం గెలిచారు. జంతికలు పంచుకోండి.

తణుకు_అల్లుడు | 11:05

రెండు పైసలా! స్క్రీన్‌షాట్ తీసి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నాకు వ్యతిరేకంగా కూడా ఉంది కదా.

ఉత్తరాంధ్ర_గొంతు | 12:31

"మేం ఢిల్లీకి రూపాయి ఇస్తే మాకు పావలా వస్తోంది" అని మన దక్షిణాదివాళ్లు అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. మాది ఇచ్ఛాపురం వైపు. ఉమ్మడి రాష్ట్రంలో మా మండలం కట్టిన పన్నుతోనే మా రోడ్లు, మా ఆసుపత్రి నడిచాయా? హైదరాబాద్ రాబడి వచ్చింది కాబట్టి నడిచాయి. హైదరాబాద్ డబ్బు హైదరాబాద్‌లోనే ఉండాలని ఎవరైనా అంటే అప్పుడు మేం ఒప్పుకునేవాళ్లమా? మరి బెంగళూరు డబ్బు బీహార్‌కి వెళ్తే ఎందుకింత కడుపుమంట?

యూపీకి 17.9 శాతం, బీహార్‌కి 10 శాతం అని లెక్కలు చూపిస్తారు. వాళ్ల జనాభా ఎంత, పేదరికం ఎంత అనేది చూపించరు. మాదాపూర్‌లో మీరుండే అపార్ట్‌మెంట్‌కి సెంట్రింగ్ కొట్టిన కుర్రాళ్లు ఎక్కడివాళ్లో ఒకసారి అడగండి. వాళ్లని పెంచిన ఖర్చు బీహార్‌ది, వాళ్ల చెమట మనది.

పాత_ట్రెజరీ | 1:15

మీ మాట కాదనను. 15వ సంఘం సూత్రంలో 45 శాతం బరువు తలసరి ఆదాయంలో తేడాకే ఇచ్చారు. జనాభాకి 15, విస్తీర్ణానికి 15, జనాభా అదుపు చేసినందుకు 12.5, అడవులకి 10, పన్నుల వసూలులో చూపిన శ్రద్ధకి 2.5. పేద రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడం ధర్మమే. నా తగాదా అన్నదమ్ముల మధ్య పంపకం గురించి కాదు, పంపకానికి పెట్టిన గిన్నె గురించి. సెస్సుల వల్ల ఆ గిన్నె చిన్నదైతే బీహార్‌కీ నష్టమే, మీ ఇచ్ఛాపురానికీ నష్టమే.

ఇంకో మెలిక. 14వ ఆర్థిక సంఘానికి మన కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి గారు అధ్యక్షులు. రాష్ట్రాల వాటాని ఒక్కసారిగా 32 నుంచి 42 శాతానికి పెంచమన్నారు. 2015 నుంచి అమలైంది. మా ఆఫీసులో స్వీట్లు కూడా పంచారు. ఆ వెనకే కేంద్ర పథకాల్లో రాష్ట్రం వంతు పెరిగింది. చాలావాటికి 60:40 అయింది. పేరు, ఫొటో వాళ్లవి, నలభై పైసలు మనవి. మొన్న డిసెంబర్‌లో ఉపాధి హామీ స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలోనూ అదే 60:40. పాత చట్టంలో కూలి డబ్బంతా కేంద్రమే భరించేది.

బెజవాడ_బుల్లోడు | 1:22

ఇదేదో మా ఫ్రెండ్స్ గోవా ట్రిప్‌లా ఉంది. ప్లాన్ ఒకడిది, ఇన్‌స్టాలో ఫొటోలు ఒకడివి, స్ప్లిట్ మాత్రం అందరికీ.

వకీలమ్మ | 3:40

డబ్బు సంగతి సార్ చెప్పారు. అధికారాల సంగతి నేను అందుకుంటాను.

1950లో ఏడో షెడ్యూలులో మూడు జాబితాలు పెట్టారు. కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రానికి 66, ఉమ్మడిగా 47. ఏ జాబితాలోనూ లేని కొత్త విషయం పుడితే అది కేంద్రానిదే. ఉమ్మడి జాబితాలో ఇద్దరూ చట్టం చేసి, రెంటికీ పొసగకపోతే మామూలుగా నెగ్గేది కేంద్ర చట్టమే. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణతో చదువు, అడవులు లాంటి ఐదు అంశాలను రాష్ట్ర జాబితాలోంచి తీసి ఉమ్మడిలో వేశారు. ఎమర్జెన్సీ పోయింది, అవి మాత్రం తిరిగి రాలేదు. నీట్ మీద తమిళనాడు అంత గోల చేసినా ఏమీ చేయలేకపోవడానికి మూలం అక్కడుంది.

అన్నిటికంటే పెద్దది మూడో అధికరణం. రాష్ట్రం సరిహద్దు, పేరు, చివరికి ఉనికి కూడా పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చేయొచ్చు. అసెంబ్లీని అభిప్రాయం అడిగితే చాలు, వినక్కర్లేదు. ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన ఖర్మ మనకి లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ విభజన బిల్లుని తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లుని పాస్ చేశాయి. లోక్‌సభలో ఆ సమయంలో టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది.

తెలంగాణ మిత్రులు తొందరపడి నామీదకు రాకండి. ఆ అధికరణమే లేకపోతే మీ రాష్ట్రం ఎప్పటికీ వచ్చేది కాదు. ఒకరికి విముక్తి, ఒకరికి గాయం. రెండూ ఒకే అధికరణం చేసిన పనే.

ఓరుగల్లు_బిడ్డ | 4:02

మీదకు రావట్లేదు మేడమ్, మీరన్నది నిజం. రాష్ట్రాల హక్కులు అని గట్టిగా మాట్లాడే మా తెలంగాణ వాళ్లం కూడా ఆ రోజు ఢిల్లీ వైపే చూశాం. అసెంబ్లీలో మాకు ఎప్పటికీ మెజారిటీ రాదు కదా, ఇంకెటు చూస్తాం?

అబిడ్స్_పాతకాపు | 6:18

మీరంతా అధికరణాలు చెబుతున్నారు. నేను చూసింది చెబుతాను. 1984 ఆగస్టులో నాకు 22 ఏళ్లు, కోఠిలో ఒక బట్టల షాపులో గుమాస్తాని.

అంతకుముందు కథ కూడా కావాలి. 1978 నుంచి 83 లోపు ఈ రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరు రావాలో ఎవరు పోవాలో ఢిల్లీ నుంచి ఫోన్లో తేలేది. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్య గారికి జరిగిన అవమానం తర్వాత ఆత్మగౌరవం అనే మాట జనంలో అంటుకుంది. 1983లో ఎన్టీఆర్ గెలిచింది ఆ మాట మీదే.

ఆయన అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఇంకా కోలుకోలేదు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు. రెండు రోజులు టైమిస్తే సభలో బలం చూపిస్తానన్న మనిషికి ఆ రెండు రోజులు ఇవ్వలేదు. భాస్కరరావుకి మాత్రం నెల గడువు. మా సేటు మధ్యాహ్నమే షట్టర్ సగానికి దించి, లోపల రేడియో పెట్టాడు. షాపులో పదిమంది చేరాం. ఒక్కరూ మాట్లాడలేదు. కొలత టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడ్డాను, అది ఇప్పటికీ గుర్తు.

ఎమ్మెల్యేలని కర్ణాటకలో దాచారు. ఎన్టీఆర్ వీల్‌చైర్‌లో రాష్ట్రపతి భవన్‌కి వెళ్లారు. రాంలాల్ పోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న, సరిగ్గా 31 రోజులకి, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. అది కోర్టు ఇచ్చింది కాదమ్మా, జనం రోడ్డెక్కితే వచ్చింది.

వకీలమ్మ | 6:55

బాబాయ్ గారూ, మీ షట్టర్ సంగతి చదివి కాసేపు ఆగిపోయాను.

ఒక్క చిన్న విషయం కలుపుతాను. చాలామంది దాన్ని 356, అంటే రాష్ట్రపతి పాలన పెట్టే అధికరణం, అనుకుంటారు. కాదు, అది గవర్నర్ తన విచక్షణ పేరుతో చేసిన పని. బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పడానికి 1994లో బొమ్మై తీర్పు దాకా పట్టింది. ఆ తర్వాత 356 వాడకం బాగా తగ్గింది. ఆ అధికరణం వాడే అవసరమే రాకూడదు, అది మృతాక్షరంగా మిగిలిపోవాలి అని అంబేడ్కర్ ఆశపడ్డారు. వందసార్లకు పైగా వాడారు.

ఇప్పుడు తీసెయ్యడం లేదు, ఆపేస్తున్నారు. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు గవర్నర్ బల్ల మీద పడి ఉంటుంది. 2023లో 10 బిల్లుల కోసం తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీలు గడువులు పెట్టారు, ఆగిన బిల్లులు ఆమోదం పొందినట్టేనన్నారు. నవంబర్ 20న ఐదుగురు జడ్జీల బెంచి, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, కోర్టు గడువులు పెట్టకూడదు, ఆమోదం పొందినట్టే అనడం కుదరదు అంది. అలాగని కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి కూర్చోవడమూ కుదరదట. ఎన్నాళ్లు కూర్చుంటే "ఏళ్ల తరబడి" అవుతుందో మళ్లీ కోర్టుకే వెళ్లి తేల్చుకోవాలి. మా వృత్తికి లోటు లేదు.

డల్లాస్_బుజ్జి | 11:48

ఇక్కడ ఇప్పుడు మధ్యాహ్నం, లంచ్‌లో చదువుతున్నాను. అమెరికాలో రాష్ట్రాలు రాజులు అనుకుంటారు మన దగ్గర. కొంతవరకు నిజమే. ఇక్కడ ముందు రాష్ట్రాలు, తర్వాత కేంద్రం పుట్టాయి. రాజ్యాంగంలో కేంద్రానికి ఇవ్వనిదంతా రాష్ట్రాలకీ ప్రజలకీ మిగులుతుంది, మనకి సరిగ్గా తలకిందులు. సెనేట్‌లో కాలిఫోర్నియాకీ ఇద్దరే, గుప్పెడు జనం ఉన్న వయోమింగ్‌కీ ఇద్దరే. మన రాజ్యసభలో యూపీకి 31, ఆంధ్రకి 11, తెలంగాణకి 7.

కానీ డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడా అదే నాటకం. మద్యం తాగే వయసు రాష్ట్రాల ఇష్టం. కేంద్రం నేరుగా మార్చకుండా 1984లో ఒక చట్టం చేసింది: 21 ఏళ్లు పెట్టని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత. సౌత్ డకోటా కోర్టుకెళ్లి 1987లో ఓడిపోయింది. చివరికి అందరూ 21కి వచ్చారు. చట్టంతో కాదు, చెక్కుతో వంచారు. మళ్లీ 2012లో ఒబామా ఆరోగ్య చట్టం విషయంలో, పేదల వైద్యానికి రాష్ట్రాలకిచ్చే మొత్తం మెడికెయిడ్ నిధులు ఆపేస్తామనడం తుపాకీ పెట్టి అడగడం లాంటిదే అని అదే కోర్టు అంది.

మనవాళ్లకి తగిలే ఉదాహరణ ఇంకోటి. మా పెద్దమ్మ మనవడు కొలరాడోలో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ గంజాయి షాపులు మెడికల్ షాపుల్లా బోర్డు పెట్టుకుని ఉంటాయి, రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు లేదు. కేంద్ర చట్టం ప్రకారం నేరమే. వీసా ఇచ్చేది కేంద్రం. షాపులో ఐడీ చూపించి రశీదు తీసుకుని కొన్నా, ఆ విషయం ఇమిగ్రేషన్ దగ్గర ఒప్పుకుంటే వీసా కథ ముగిసినట్టే. "ఒకే వీధిలో రెండు ప్రభుత్వాలు అత్తా" అన్నాడు వాడు. వాడికిచ్చిన ఉచిత సలహా: ఆ వీధిలో నడవకు.

నల్గొండ_నాగన్న | జనవరి 19, ఉదయం 7:30

ఒకే వీధిలో రెండు ప్రభుత్వాలేంది బుజ్జమ్మా, మా దగ్గర ఒకే డ్యామ్ మీద రెండు ప్రభుత్వాలు ఉంటయి. 2023 నవంబర్ 30, తెలంగాణ పోలింగ్ రోజు. తెల్లారేసరికి సాగర్ డ్యామ్ మీద 13వ గేటు దగ్గర ముళ్లకంచె. 26 గేట్లలో సగం మావి అని ఆంధ్ర పోలీసులు వచ్చి కూర్చున్నారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఇటు మా పోలీసులు. నేను ఓటేసి ఇంటికొచ్చి టీవీ చూస్తే నా ఊరి డ్యామ్ దేశ సరిహద్దులాగా కనిపించింది. ఆఖరికి ఏమైంది? సీఆర్‌పీఎఫ్ వచ్చి కూర్చుంది.

రెండు రాష్ట్రాలకు కేంద్రం అంటే కోపం. ఇద్దరికీ గొడవైతే మాత్రం పంచాయితీకి పోయేది ఆ కేంద్రం దగ్గరికే.

కృష్ణా_డెల్టా_రైతు | 7:58

నాగన్నా, ఆ కంచె ఊరికే వేశారా? విభజన తర్వాత శ్రీశైలం మీకు, సాగర్ నిర్వహణ మీకు అన్నట్టు చేసుకుంటే మేం

*[ఈ పోస్ట్‌లో మిగతా భాగం తొలగించాం. — నిర్వాహకులు]*

నల్గొండ_నాగన్న | 8:03

శ్రీశైలం మాకెక్కడిది! అది చూసుకునేది మీరే కదా

*[తొలగించాం. — నిర్వాహకులు]*

నిర్వాహకులు | 8:10

నీళ్ల కోసం వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే 412 పోస్టులు ఉన్నాయి. అక్కడికి వెళ్లి కొట్టుకోండి. ఇక్కడ ఒక్క విషయం మాత్రం వదులుతున్నాం: కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలని ఆంధ్ర 512, తెలంగాణ 299గా వాడుకోవాలని 2015లో తాత్కాలికంగా రాసుకున్నారు. ఆ తాత్కాలికానికి పదకొండో ఏడు.

మాజీ_సర్పంచ్ | 9:36

ఇంతమంది పెద్దలు మాట్లాడారు. ఒక్కరైనా ఊరి మాట ఎత్తుతారేమో అని చూశాను.

జిల్లా పేరు చెప్పను, ప్రభుత్వం ఏ పార్టీదో కూడా చెప్పను. మా పంచాయతీ ఖాతాలో ఆర్థిక సంఘం డబ్బు పడింది. నాలుగు లక్షల చిల్లర. మంచినీళ్ల మోటారు కాలిపోయి పదిరోజులైంది, ఆ డబ్బుతో కొందామని కార్యదర్శీ నేనూ కొటేషన్లు తెప్పించుకున్నాం. సోమవారం చూస్తే ఖాతాలో సున్నా. పాత కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసుకున్నామన్నారు. నన్నడగలేదు, తీర్మానం లేదు, కాగితం లేదు. మోటారు నా సొంత డబ్బుతో వేయించాను. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి అని రాస్తే సినిమా డైలాగ్‌లా ఉంటుంది గానీ, అదే జరిగింది.

73వ సవరణ వచ్చి 30 ఏళ్లు దాటింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు పంచాయతీలకి అని రాసి ఉంది. వాటిలో మా చేతికి వచ్చినవి వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త. తెలంగాణలో చూడండి, 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోతే ఎన్నికలు పెట్టింది మొన్న డిసెంబర్‌లో. అంతకాలం స్పెషల్ ఆఫీసర్లే. ఎన్నికైన పాలకవర్గం లేదని ఢిల్లీ నిధులు ఆపింది.

ఢిల్లీ సెస్సు పేరుతో రాష్ట్రానికి చేసేది, రాష్ట్రం బకాయి పేరుతో నాకు చేసింది. ముఖ్యమంత్రులు ఢిల్లీలో ధర్నా చేస్తారు. నేను ఎక్కడ చేయాలి? ఎమ్మార్వో ఆఫీసు ముందా?

ఉత్తరాంధ్ర_గొంతు | 9:50

ఈ పోస్ట్‌ని పైన పిన్ చేయండి.

పాత_ట్రెజరీ | 10:25

సర్పంచ్ గారూ, ఆ సర్దుబాటు బిల్లుల్లాంటివి నా చేతిమీదుగా కూడా వెళ్లాయి. పై నుంచి ఆర్డర్ వచ్చింది, సంతకం పెట్టాను. ఇంతకంటే ఏమీ రాయలేను.

బెజవాడ_బుల్లోడు | 10:31

(ఈసారి జోకు లేదు.)

వకీలమ్మ | 12:04

ఒక పక్కమాట. కేంద్రం, రాష్ట్రాల బంధం మీద ఒక రాష్ట్రం సొంతంగా కమిటీ వేయడం 1969లో తమిళనాడు మొదలెట్టింది. దానికి అధ్యక్షుడు పి.వి.రాజమన్నార్. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు, తెలుగులో నాటికలు రాసేవారు. అంతకుముందు నాలుగో ఆర్థిక సంఘానికీ ఆయనే అధ్యక్షుడు, అంటే గిన్నెని లోపలినుంచి చూసిన మనిషి. తమిళనాడు జెండా ఎత్తుకున్న వాదానికి మొదటి ముసాయిదా రాయించింది మన తెలుగాయన. ఆ నివేదికని కేంద్రం పక్కన పెట్టేసింది. తర్వాత 1983లో వేసిన సర్కారియా కమిషన్‌ది కూడా చాలావరకు అదే గతి.

తణుకు_అల్లుడు | రాత్రి 9:15

మొత్తం థ్రెడ్ ఇంట్లోవాళ్లకి ఫోన్లో స్పీకర్ పెట్టి చదివి వినిపించాను. రెండు పైసల దగ్గర మా బావమరిది ఈల వేశాడు. 28 రూపాయల దగ్గర "సిగ్నల్ సరిగా లేదు బావా" అన్నాడు. సర్పంచ్ గారి పోస్ట్ దగ్గర మాత్రం అటు ఎవరూ మాట్లాడలేదు. మామగారు కూడా ఒకప్పుడు వార్డు మెంబరు.

చివర్లో మామగారు ఒక్కటే అడిగారు: "ఆ రెండు పైసలైనా ఎప్పుడిస్తారుటండీ?" నాకు తెలీదు. ట్రెజరీ గారూ?

పాత_ట్రెజరీ | 9:40

ఏడాదికి 14 వాయిదాలు. మామూలుగా ప్రతి నెలా 10వ తేదీకి పడుతుంది, పండగల ముందు ఒక్కోసారి అదనపు వాయిదా ఇస్తారు. ఏప్రిల్ నుంచి 16వ సంఘం లెక్క మొదలవుతుంది. నివేదిక నవంబర్‌లోనే రాష్ట్రపతికి ఇచ్చేశారు, ఇంకా బయటపెట్టలేదు. బడ్జెట్ రోజు చూసి మళ్లీ రాస్తాను. అది మూడు పైసలవుతుందో ఒకటిన్నర అవుతుందో అప్పుడు మీ మామగారికి చెబుదాం.